ఆరుద్ర మసకబారిన ఏడు: మారే చుక్కల పరిశోధనలో చిన్న ఉద్యోగుల పాలు

సంఘాల సమావేశాలు, సన్మానాలు, సంతాపాలు, తెలుగు బడుల కష్టాలు – మేము ఇక్కడ మామూలుగా రాసేవి ఇవే. ఈసారి ఆకాశం గురించి రాస్తున్నాం. దానికి కారణం మా ఆదివారం తెలుగు తరగతిలో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న.

2020 జనవరి 10న ఆరుద్ర దర్శనం వచ్చింది. తమిళనాడులో తరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు ఈ పండుగ గురించి చెప్పనక్కర్లేదు. చుట్టుపక్కల తమిళులు తిరువాదిరై అని కళి వండుతారు, మన ఇళ్లలోనూ వండుతాం. రెండు రోజుల తర్వాత ఆదివారం నాడు ఏడో తరగతి చదివే ఆ అమ్మాయి లేచి, "తాతగారూ, ఆరుద్ర చుక్క వెలుగు తగ్గిపోతోందంట, పేలిపోతుందంట, పేపర్లో వేశారు. నిజమేనా?" అని అడిగింది.

మాకు నోట మాట రాలేదు. ఆరుద్ర కార్తె తెలుసు, తొలకరి తడికి బయటికొచ్చే ఆరుద్ర పురుగు తెలుసు, దర్శనం తెలుసు. ఆ చుక్క ఆకాశంలో ఎక్కడుందో మాత్రం అరవై ఏళ్లు వచ్చినా మాకు తెలియదు. సాయంత్రం మేడ మీదికి తీసుకెళ్లి ఆ పిల్లే మాకు వేలు పెట్టి చూపించింది. ముప్ఫై ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేసి రిటైరైన మేము, తెలియని విషయం ఎదురైతే పాత ఫైళ్లు తిరగేసే అలవాటు ఉన్నవాళ్లం. అలా తిరగేస్తే బయటపడిన సంగతులు ఇవి.

చుక్కల వెలుగు మారుతుందా?

మారుతుంది. అలా మారే చుక్కలను పుస్తకాల్లో చర నక్షత్రాలు అంటారు, ఇంగ్లీషులో వేరియబుల్ స్టార్స్. మనకు మారే చుక్కలు అంటే చాలు.

ఇవి ఒక రకం కాదు. తిమింగలం రాశిలో మీరా అనే చుక్క ఉంది. సుమారు 332 రోజులకు ఒకసారి బాగా వెలిగి, మళ్లీ కంటికి కనిపించనంతగా తగ్గిపోతుంది. 1596లో డేవిడ్ ఫాబ్రిసియస్ అనే చర్చి ఫాదరీ దీన్ని గమనించాడు. ఇలాంటి చుక్కలు వయసు మళ్లినవి, ఉబ్బుతూ తగ్గుతూ ఉంటాయి. ఆల్గాల్ అనేది ఇంకో రకం. అది రెండు చుక్కల జంట. మందమైనది ప్రకాశమైనదాని ముందుకొచ్చినప్పుడల్లా, అంటే రెండు రోజుల ఇరవై ఒక్క గంటలకోసారి, గ్రహణం పట్టినట్టు వెలుగు తగ్గుతుంది. ఆ లెక్కను 1783లో లోకానికి చెప్పినవాడు జాన్ గుడ్రిక్ అనే ఇంగ్లీషు కుర్రవాడు. చిన్నతనంలోనే చెవుడు వచ్చింది. అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

వెలుగును కొలవడానికి ఒక అంకె ఉంది. అది పరీక్షలో ర్యాంకు లాంటిది: అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ. మామూలు కంటికి ఆరో ర్యాంకు వరకు కనిపిస్తుంది. ఒకటో ర్యాంకు చుక్క ఆరో ర్యాంకు చుక్క కన్నా సరిగ్గా 100 రెట్లు ప్రకాశం అని 1856లో ఈ లెక్కను స్థిరం చేసినవాడు నార్మన్ పాగ్సన్. ఆ తర్వాత 1861లో ఆయన మద్రాసు వచ్చి ఇక్కడి వేధశాలకు అధికారి అయ్యాడు, చివరిదాకా ఇక్కడే ఉన్నాడు. చుక్కలకు ర్యాంకులు కట్టే పద్ధతి ఇచ్చిన మనిషి మన నుంగంబాక్కంలో ముప్ఫై ఏళ్లు పనిచేశాడన్నమాట.

నుంగంబాక్కంలో తెలుగు అక్షరాలు

మద్రాసు వేధశాల భవనం ఇప్పుడు లేదు. 1792లో కట్టినప్పుడు పరికరం నిలపడానికి వేసిన పదిహేను అడుగుల రాతి స్తంభం మాత్రం నుంగంబాక్కంలో వాతావరణ శాఖ ఆవరణలో ఇంకా ఉంది. దాని మీద చెక్కిన భాషల్లో తమిళంతో పాటు తెలుగు కూడా ఉంది. చెన్నైలో ఉంటున్న మన పిల్లల్లో ఎంతమంది దాన్ని చూసి ఉంటారు?

ఆ వేధశాలలో చింతామణి రఘునాథాచారి గారు పనిచేశారు. పంచాంగం గుణించే కుటుంబంలో పుట్టారు. చిన్న వయసులోనే ఉద్యోగంలో చేరి, పాగ్సన్ కింద మొదటి సహాయకుడి స్థాయికి వచ్చారు. 1867లో దక్షిణాకాశంలో రెటిక్యులం అనే చిన్న రాశిలో ఒక చుక్క వెలుగు మారుతోందని కనిపెట్టారు. దానికి ఆర్ రెటిక్యులీ అని పేరు. సుమారు 278 రోజులకు ఒక చుట్టు వెలిగి తగ్గుతుంది. మారే చుక్కను కనిపెట్టిన తొలి భారతీయుడిగా ఆయన పేరు చరిత్రలో నిలిచింది. ఆ చుక్క మద్రాసు నుంచి చూస్తే దక్షిణాన బాగా కిందుగా, అడ్డుగా ఒక చెట్టున్నా కనిపించనంత ఎత్తులోనే ఉంటుంది. అలాంటిదాన్ని పట్టుకున్నారు.

1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణానికి ఆయన్ని వనపర్తికి పంపారు, పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. 1872లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా తీసుకుంది. పంచాంగాలను పాత లెక్కతోనే కాక కంటికి కనిపించే ఆకాశంతో సరిచూసి దిద్దాలని వాదించి, ఆ ప్రకారం పంచాంగం వేసినవారాయన. ఆయన్ని మనవాడు, పరాయివాడు అని పంచుకోవడానికి ఇది రాయడం లేదు. కింది ఉద్యోగంలో ఉంటూ కూడా చూసింది చూసినట్టు రాసి, అధికారులు కాదనలేని పని చేశారని చెప్పడానికి రాస్తున్నాం.

ఖజానా ఉద్యోగి రాధాగోవింద చంద్ర

మా మనసుకు ఇంకా దగ్గరగా వచ్చిన మనిషి బెంగాల్ వారు. రాధాగోవింద చంద్ర 1878లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్ దగ్గర పుట్టారు. ఎంట్రన్సు పరీక్ష మూడుసార్లు తప్పారు. జెస్సోర్ ఖజానాలో నాణేలు మంచివా చెల్లనివా అని పరీక్షించే చిన్న ఉద్యోగం దొరికింది. పగలంతా నాణేలు, రాత్రి చుక్కలు. జీతంలో మిగిల్చి 1912లో ఇంగ్లండు నుంచి మూడంగుళాల టెలిస్కోపు తెప్పించుకున్నారు.

1918 జూన్‌లో గరుడ రాశిలో ఒక కొత్త చుక్క ఒక్కసారిగా వెలిగింది. రోజూ చూసే ఆకాశం కాబట్టి అక్కడ లేని చుక్క వచ్చిందని చంద్ర గారు సొంతంగానే పసిగట్టారు. ఆ సంగతి అమెరికాలో హార్వర్డ్ వేధశాల దాకా వెళ్లింది. మారే చుక్కలను గమనించేవారి కోసం 1911లో అక్కడ ఏర్పడిన ఏఏవీఎస్ఓ అనే సంఘం ఆయన్ని సభ్యుడిగా చేర్చుకుంది. దాన్ని మొదలుపెట్టిన ఓల్కాట్ కూడా శాస్త్రజ్ఞుడు కాదు, లాయరు చదువు చదివినవాడు. సంఘం అంటే ఏమిటో మనకు తెలుసు కదా: చందా, సభ్యత్వం, రిజిస్టరు, కార్యదర్శి. అది కూడా అలాంటిదే.

1926లో ఆ సంఘం ఆరంగుళాల టెలిస్కోపు ఒకటి సముద్రం దాటించి చంద్ర గారికి వాడుకోమని పంపింది. 1954 వరకు ఆయన పంపిన నమోదులు 37 వేలకు పైగా ఉన్నాయి. దేశ విభజనలో ఊరు విడిచి ఇటు వచ్చేశారు, అయినా పని మానలేదు. 1975లో కన్నుమూశారు. ఆయన విరమించుకున్న తర్వాత ఆ టెలిస్కోపు వైణు బప్పు గారి చేతికి వచ్చి, చివరికి కావలూరు చేరింది.

కావలూరు అంటే మాకు దూరం కాదు. వాణియంబాడి, ఆలంగాయం దాటి జవ్వాది కొండలెక్కితే వస్తుంది. బప్పు గారు మద్రాసులో పుట్టి హైదరాబాదులో పెరిగారు. వారి తండ్రి బేగంపేటలోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. కొడుకు అక్కడే మారే చుక్కలను చూడటం మొదలుపెట్టి, తర్వాత దేశంలో ఖగోళ శాస్త్రానికి పెద్ద దిక్కయ్యారు. కావలూరు వేధశాలకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. ఇదే పరంపరలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు రంగాపూర్‌లో టెలిస్కోపు పెట్టి జంట చుక్కల గ్రహణాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు.

ఇంత రాసి ఏం లాభం?

మా కమిటీలో ఒక పెద్దాయన ఇదే అడిగారు. జవాబు ఇది.

హార్వర్డ్‌లో హెన్రియెట్టా లెవిట్ అనే ఆమె ఉండేది. ఫోటో పలకల మీద చుక్కల వెలుగు కొలిచి రాయడం ఆమె ఉద్యోగం. అప్పట్లో ఆడవాళ్లను టెలిస్కోపు దగ్గరికి రానిచ్చేవారు కాదు, ఈ లెక్కల పని మాత్రం తక్కువ జీతానికి చేయించుకునేవారు. ఆమెకూ వినికిడి సరిగా లేదు. సెఫీడ్ అనే రకం చుక్కలను ఎన్నో పలకల మీద చూసి, చుట్టు పూర్తి కావడానికి ఎక్కువ రోజులు పట్టే చుక్క అసలు వెలుగు కూడా ఎక్కువని 1912లో తేల్చింది.

ఇదెందుకు పెద్ద సంగతంటే, రాత్రి పూట దూరాన ఒక దీపం కనిపిస్తే అది దగ్గరున్న బుడ్డి దీపమో దూరానున్న పెట్రోమాక్సో చెప్పలేం. అది పెట్రోమాక్సేనని తెలిస్తే ఎంత మందంగా కనిపిస్తోందో చూసి ఎంత దూరమో లెక్క కట్టవచ్చు. లెవిట్ చెప్పిన సూత్రంతో ఏ చుక్క బుడ్డి దీపమో ఏది పెట్రోమాక్సో తెలిసిపోయింది. 1923లో ఎడ్విన్ హబుల్ ఆండ్రొమెడా మసకలో అలాంటి చుక్క ఒకటి పట్టుకుని దూరం కడితే, అది మన పాలపుంతకు చాలా అవతలున్న వేరే నక్షత్ర లోకమని తేలింది. విశ్వం ఎంత పెద్దదో తెలియడానికి ఆధారం ఒక చిన్న ఉద్యోగిని ఓపికగా రాసిన పట్టిక.

ఇంతకీ ఆరుద్రకు ఏమైంది?

ఆరుద్ర ఎర్రటి మహా నక్షత్రం. దాన్ని సూర్యుడి చోట పెడితే మన భూమినీ దాటి అంగారకుడి దారినీ మింగేస్తుంది. దాని వెలుగు మారుతుందని 1836లోనే జాన్ హెర్షెల్ గమనించాడు. సుమారు 400 రోజుల చుట్టు ఒకటి, దాదాపు ఆరేళ్ల చుట్టు ఇంకొకటి ఉన్నాయి. మామూలుగా అర ర్యాంకు ప్రాంతంలో ఉండేది 2019 చివర్లో తగ్గడం మొదలై, 2020 ఫిబ్రవరి నాటికి 1.6కు పడింది. అంటే మామూలు వెలుగులో మూడో వంతుకు కాస్త పైన. అందుకే పేలిపోతుందని పేపర్లు రాశాయి.

ఏప్రిల్ కల్లా మళ్లీ కోలుకుంది. హబుల్ టెలిస్కోపుతోనూ, చిలీ దేశంలోని పెద్ద టెలిస్కోపులతోనూ చూసినవారు చెప్పింది ఏమిటంటే, ఆ చుక్క తన ఒంటి మీది నుంచి పెద్ద వాయువు ముద్దను కక్కింది, అది చల్లారి ధూళిగా మారి మనకు అడ్డం వచ్చింది. పొగ గూడు అడ్డమైతే దీపం మసకబారినట్టు. ఆరుద్ర ఏనాటికైనా పేలక తప్పదు, కానీ అది లక్ష ఏళ్లలోపు ఎప్పుడైనా కావచ్చు. మన పిల్ల భయపడనక్కర్లేదు.

పెద్ద టెలిస్కోపులు అన్ని చుక్కలనూ ప్రతి రాత్రీ చూడలేవు. ఆరుద్ర లాంటి ప్రకాశమైన చుక్కను చూస్తే కొన్నిటికి కళ్లు బైర్లు కమ్ముతాయి కూడా. ఈ తగ్గుదల మామూలుదా అసాధారణమా అని తేల్చడానికి దశాబ్దాల నమోదులు కావాలి. అవి చంద్ర గారి లాంటి వేల మంది ఔత్సాహికులు రాసి పెట్టినవి. ఏఏవీఎస్ఓ దగ్గర అలాంటి నమోదులు ఇప్పుడు కోట్లలో ఉన్నాయి, పరిశోధకులు ఎవరైనా వాటిని వాడుకుంటారు.

మనమూ రాయవచ్చు

2021 కార్తిక మాసంలో మా సంఘంలో ఒక రిజిస్టరు తెరిచాం. 200 పేజీల మామూలు లాంగ్ సైజు నోటు. తేదీ, టైము, ఆకాశం ఎలా ఉంది, పోల్చిన చుక్కలు, అంకె, సంతకం – ఆరు గడులు, అన్నీ తెలుగులో.

పద్ధతి చెబుతాం. ఆరుద్ర పక్కన అంకె మారని, లేదా దాదాపు మారని చుక్కలు కావాలి. ప్రోసియన్ 0.4, రోహిణి 0.9, పునర్వసులో ప్రకాశమైనది 1.1, ఆరుద్రకు అటు భుజాన ఉన్న బెలాట్రిక్స్ 1.6. ఆరుద్ర ప్రోసియన్ కన్నా మందంగా, రోహిణి కన్నా ప్రకాశంగా ఉందనుకోండి. ఆ రెంటి మధ్య తేడా 0.5, దాన్ని ఐదు పాళ్లు చేయండి. ప్రోసియన్ నుంచి రెండు పాళ్లు దిగితే 0.6. అదే రాయాలి. చుక్కలు కాస్త సమానమైన ఎత్తులో ఉన్నప్పుడే పోల్చాలి, కిందికి దిగిన చుక్క గాలి పొర వల్ల మందంగా కనిపిస్తుంది. ఎర్ర చుక్కను గుచ్చి గుచ్చి చూస్తే ఉన్నదానికన్నా ప్రకాశంగా తోస్తుంది, అందుకే చూపు తిప్పుతూ చూడాలి. బయటికి పంపేటప్పుడు మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేసి రాయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం: నిన్నటి అంకె చూసి ఇవాళ్టి అంకె వేయకూడదు. ఇది చెప్పడానికి మాకు సిగ్గుగా ఉంది. ఆ తప్పు చేసింది మేమే. మొదటి నెలలోనే పదకొండు రోజులు వరసగా 0.6 అని వేశాం. మబ్బు పట్టిన రెండు రోజులకూ వేశాం. ఆ అమ్మాయి చూసి, "తాతగారూ, 14వ తేదీ వాన కదా, మీరెలా చూశారు?" అని అడిగింది. ఉద్యోగంలో ఎంతోమంది రిజిస్టర్లు తనిఖీ చేసిన మేము, మా రిజిస్టరులో పట్టుబడ్డాం. ఆ పదకొండు వరసలూ ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన కారణం రాసి సంతకం పెట్టాం. చించెయ్యలేదు. "మబ్బు, కనిపించలేదు" అన్నది కూడా నమోదే. తప్పుడు అంకె ఖాళీ గడి కన్నా చేటు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఎవరో పరిశోధకుడు దాన్ని నిజమని నమ్ముతాడు.

ఇంకో చిన్న సంగతి. ఆరుద్ర కార్తె జూన్ చివర్లో వస్తుంది, సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరికి చేరే రోజులు అవి. కాబట్టి ఆరుద్ర కార్తెలో ఆరుద్ర కనిపించదు. కనిపించేది దర్శనం నాటి చలికాలంలో. మన పెద్దలు సూర్యుడి వెలుగులో మునిగిపోయిన చుక్క పేరును కార్తెకు పెట్టారంటే, దాని చోటు వారికి ఎంత బాగా తెలిసుండాలి! ఆ ఎరుక మాతోనే సగం పోయింది. కృత్తికను పిల్లలకోడి అని మా నాయనమ్మ అనేది. మా తరగతిలో ఆ మాట ఒక్క పిల్లకూ తెలియదు.

చివరగా ఒక విన్నపం

ఆదివారం తరగతికి ఒకప్పుడు ఇరవై మంది పైగా వచ్చేవారు, ఇప్పుడు ఏడుగురు. "తెలుగు చదివితే ఏమొస్తుంది, మార్కులా ఉద్యోగమా?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. వారి మాట తప్పని మేము అనం. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ గది అద్దెకిచ్చే తీర్మానం రాబోతోంది. తరగతి ఆపవద్దని మేము చెప్పబోయే వాదనల్లో ఈ రిజిస్టరు ఒకటి. పరిశోధన అంటే వేరే దేశంలో, వేరే భాషలో, వేరేవాళ్లు చేసేదన్న భయం మన పిల్లల్లో ఉంది. తెలుగులో రాసిన అంకె కూడా అంకే, నిజాయితీగా రాస్తే చాలు.

మిగతా సంఘాలవారికి మా మనవి ఇది. కార్తిక, మార్గశిర మాసాల్లో ఈశాన్య రుతుపవనాల మబ్బులతో మాకు ఆకాశం సగం రోజులు కనపడదు. అదే సమయంలో బళ్లారి, సోలాపూర్ వారికి తెరిపిగా ఉంటుంది. యానాంలో తుపాను పట్టిన రోజు రాయగడలో చుక్కలు కనిపించవచ్చు. ఒకరి ఖాళీ గడి ఇంకొకరు నింపగలరు. ప్రతి సంఘంలో ఒక నోటు పుస్తకం, ఇద్దరు పిల్లలు, ఒక పెద్ద చాలు. ఖర్చు ఏమీ లేదు. నోటు వెనక పేజీల్లో మీ ఊరి ముసలివాళ్లు చుక్కలకు వాడే పేర్లు కూడా రాయించండి, ఏ ఊరు, ఎవరు చెప్పారు అన్నది సహా.

ఉత్తర కిరీటం అనే చిన్న రాశిలో టీ కరోనే బొరియాలిస్ అన్న చుక్క ఉంది. మామూలుగా కంటికి ఆనదు. 1866లో ఒకసారి, 1946లో ఒకసారి ఉన్నట్టుండి వెలిగింది. మళ్లీ వెలుగుతుందని శాస్త్రజ్ఞులు కొన్నేళ్లుగా కాచుకుని ఉన్నారు. వెలిగితే కొన్ని రోజుల పాటు మామూలు కంటికే కనిపిస్తుంది. ఆ రాత్రి మేడ మీద మన పిల్లలు ఉండాలని మా కోరిక.

ఆ అమ్మాయి ఇప్పుడు కాలేజీలో ఉంది. సెలవులకు వచ్చినప్పుడు రిజిస్టరు తెరిచి మా వరసలు తనిఖీ చేస్తుంది. ఇప్పటివరకు రెండోసారి దొరకలేదు.

ఇట్లు,
సంఘ కార్యదర్శి